నాలుగు ఊళ్ల గొంతులు, ఒకటే వసారా

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బందరు రోడ్డులో పున్నమ్మతోట దగ్గరున్న ఆ కేంద్రం పేరెత్తితే డెల్టా పల్లెల్లో పెద్దవాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి తెల్లవారుజాము భక్తిరంజని, ఉషశ్రీ ధర్మసందేహాలు, ఆ వెంటనే నాటకాలు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’ని రేడియో నాటకంగా విన్నవాళ్ల చెవుల్లో నండూరి సుబ్బారావు గొంతు ఇప్పటికీ ఉంది. ఆనాటి నాటకం ఏదైనా దొరికితే ఒకసారి శ్రద్ధగా వినండి. టేపు సుయ్యిమంటూ ఉంటుంది. కొన్నిచోట్ల మాట గరగరలాడుతుంది. అయినా పాత్రలన్నీ ఒకే ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ఈమధ్య ఎవరింట్లో వాళ్లు ఫోన్లలో చెప్పి, కంప్యూటర్లో అతికిన నాటకం వినండి. ఏ గొంతుకు ఆ గొంతు శుభ్రంగానే ఉంటుంది. కానీ తల్లి ఖాళీ హాల్లో నిలబడి, కొడుకు దుప్పటి ముసుగులో కూర్చుని మాట్లాడుతున్నారని పది మాటలు వినేసరికి తెలిసిపోతుంది. ఇక కథ మీద మనసు నిలవదు.

గొంతులు వేరైనందుకు ఏ శ్రోతా ఇబ్బందిపడడు. నలుగురు మనుషులకు నాలుగు గొంతులు ఉండాల్సిందే. ఇబ్బందల్లా వాళ్లు నాలుగు గదుల్లో ఉన్నారని చెవి పట్టేయడంలోనే ఉంది. విడివిడిగా రికార్డయిన మాటలను కలిపే ఎడిటర్లు చాలామంది గొంతులను ఒకేలా చేయబోతారు. అందరికీ ఒకే ఈక్యూ (కింది, పై స్వరాల తూకం మార్చేది), ఒకే కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను తగ్గించేది) వేసి నలుగురినీ ఒకే మనిషిలా తయారుచేస్తారు. గదులు మాత్రం నాలుగూ అలాగే మిగిలిపోతాయి. కలపవలసింది గదిని. మనిషిని వీలైనంత వరకు ముట్టుకోకుండా వదిలేయాలి.

పాత స్టూడియోలో ఈ పని టేపు తిరగకముందే అయిపోయేది. రేడియో నాటకాలకు వాడిన రిబ్బన్ మైకు ముందు నుంచీ వెనక నుంచీ వింటుంది, పక్కలనుంచి వినదు. నటులు దానికి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చెప్పేవారు. పాత్ర వీధిలోకి వెళ్లిపోవాలంటే నటుడు మాట్లాడుతూనే మైకు పక్కకు జరిగేవాడు, గొంతు దానంతటదే సన్నగిల్లేది. పెరట్లోంచి కేకేయాలంటే నాలుగడుగులు వెనక్కి వెళ్లి మొహం గోడవైపు తిప్పేవాడు. స్టూడియోలో దళసరి తెరలు కట్టిన భాగం ఒకటి, నున్నటి గోడల భాగం ఒకటి ఉండేవి. పొలం గట్టు మీద సన్నివేశం మొదటిదాంట్లో, ఇంట్లో సన్నివేశం రెండోదాంట్లో నడిచేవి. తప్పు దొర్లితే పావు అంగుళం టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికేవారు. అతుకుకు ఇటూ అటూ ఉన్నది అదే గది, అదే మైకు, అదే దూరం. అందుకే అతికినట్టు తెలిసేది కాదు.

సినిమావాళ్లకు ఈ చిక్కు ముందే ఎదురైంది. 1950లో హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన ‘ఆహుతి’ మన తొలి డబ్బింగ్ చిత్రం. దానికి మాటలు, పాటలు శ్రీశ్రీ రాశారు. అప్పటి నుంచీ గట్టు మీద నడిచే మనిషి మాటను నాలుగు గోడల థియేటర్లో చెప్పించడం మనకు మామూలైపోయింది. ప్రేక్షకుడు క్షమిస్తున్నాడంటే కారణం ఉంది. అతని కళ్లు పెదవుల మీద ఉంటాయి, చెవి కంటిని నమ్ముతుంది. రేడియోలో, పాడ్‌కాస్టులో, ఆడియో పుస్తకంలో ఆ ఆసరా లేదు. చెవి ఒక్కటే సాక్షి, అది చాలా కఠినమైన సాక్షి.

గొంతుల విషయంలో మాత్రం అదే చెవికి ఎంత ఉదారత ఉందో చూడండి. 2008లో వచ్చిన ‘దశావతారం’ తెలుగు రూపంలో కమల్‌హాసన్ వేసిన పది వేషాల్లో ఏడింటికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక్కరే గాత్రదానం చేశారు. అందులో ముసలమ్మ పాత్ర కూడా ఉంది. ఒకే కంఠాన్ని ఏడుగురుగా ఒప్పుకున్నాం. చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల తన గొంతుతోనే నిమ్మకూరు రామారావుకూ, రామాపురం నాగేశ్వరరావుకూ పాడితే ఎవరి పాట వాళ్లదేనని నమ్మాం. ముగ్గురూ పాత కృష్ణా జిల్లా మనుషులే. మనిషి విషయంలో చెవి ఏ మాయకైనా లోబడుతుంది. చోటు విషయంలో లోబడదు.

2020 లాక్‌డౌన్‌లో స్టూడియోల తలుపులు మూతపడ్డాక ఎవరింట్లో వాళ్లు చెప్పి పంపడం అలవాటైంది. తలుపులు తెరుచుకున్నా ఆ అలవాటు పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు. ఊళ్లో మంచి గొంతున్న మాస్టారు, పెళ్లయి దూరదేశం వెళ్లిన అమ్మాయి ఒకే నాటకంలో పాల్గొనే వీలు ఇంతకుముందు లేదు. అందుకే ఈ పని చేసేవాళ్లు దాన్ని బాగా నేర్చుకోవాలని నా పట్టుదల.

ఒక సన్నివేశం అనుకుందాం. అవనిగడ్డలో పెంకుటిల్లు, ముందు వసారా, వాన రాబోతున్న సాయంత్రం. తల్లి, ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు పొలం పంపకాల గురించి మాట్లాడుకుంటున్నారు. తల్లి వేషం వేసినావిడ గుడివాడలో కొత్త డాబా ఇంట్లో ఉంది. పెద్ద కొడుకు మచిలీపట్నం, అంటే బందరు, కోడలు హైదరాబాదు అపార్ట్‌మెంటు, చిన్న కొడుకు డాలస్. నాలుగు ఫైళ్లు వచ్చాయి. ఏ ప్లగిన్నూ తెరవకముందు కళ్లు మూసుకుని ఒక్కోటీ విని కాగితం మీద రాసుకోవాలి. నోటికీ మైకుకీ ఎంత దూరం, గది ఎంతది, వెనక ఏం తిరుగుతోంది, మనిషి ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడు. ఈ కాగితం లేకుండా మొదలుపెట్టినవాళ్లు రాత్రంతా నాబ్‌లు తిప్పుతూనే ఉంటారు.

గుడివాడ ఫైలుతో మొదలుపెడదాం, అసలు కష్టం అక్కడే ఉంది. టైల్స్ నేల, స్లాబు, సున్నం గోడలు, సామాను లేని గది. మాట అయిపోయాక కూడా గదిలో మోగుతుంది. దీన్ని లెక్క కట్టడం నేర్పినవాడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యాపకుడు వాలెస్ సబీన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఆయన్ను సరిచేయమన్నారు. ఒక మాట ఐదున్నర సెకన్ల దాకా గదిలో నిలిచేదట. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలను రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఆర్గాన్ గొట్టం ఊది, స్టాప్‌వాచీతో మోత ఎంతసేపటికి ఆగుతుందో కొలిచాడు. ఎన్ని మెత్తలు పెడితే మోత ఎంత తగ్గిందో లెక్క రాశాడు. ఆ లెక్కే ఇప్పటికీ వాడుతున్నాం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో కట్టి 0.161తో గుణించి, గోడలూ సామానూ పీల్చుకునే శబ్దంతో భాగించాలి.

నాలుగు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గది తీసుకుంటే ఘనపరిమాణం 48. గోడలు, నేల, కప్పు కలిపి 80 చదరపు మీటర్లు. గట్టి పూత గోడలు నూటికి అయిదు పాళ్లే పీల్చుకుంటాయనుకుంటే వచ్చే విలువ 4. అంటే మోత దాదాపు 1.9 సెకన్లు. అదే గదిలో బూరుగుదూది పరుపు నిలబెట్టి, బొంతలు వేలాడదీసి, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి ఆ 4కు ఇంకో 8 కలిపితే మోత 0.64 సెకన్లకు దిగుతుంది. ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. గుడివాడ ఆవిడకు ఫోన్ చేసి, ‘అమ్మా, ఒక్కసారి పరుపులున్న గదిలోకి వెళ్లి చెప్పండి’ అని అడగడం ఏ సాఫ్ట్‌వేరు కంటే మంచిది.

అడగడానికి వీల్లేకపోతే? ఆవిడ మళ్లీ దొరకదు, ఉన్న ఫైలే గతి. అప్పుడు చాలామంది ఆ మోతను తీసేయాలని చూస్తారు. కొంతవరకే పోతుంది, ఆ తర్వాత గొంతే నలుగుతుంది. మోతను కలపడం సులువు, తీయడం కష్టం. కాబట్టి నాలుగింటిలో అన్నిటికంటే చెడ్డ ఫైలును కొలమానంగా పెట్టుకుని మిగతా మూడింటినీ దాని దగ్గరకు దించాలి. మంచి మైకులో అద్దంలా వచ్చిన డాలస్ ఫైలును చేతులారా మసకబార్చడానికి కొత్త ఎడిటర్లకు చేతులు రావు. నిజమే, బాధగానే ఉంటుంది. కానీ శ్రోతకు వినిపించేది డాలస్ మైకు నాణ్యత కాదు, తల్లి ఎదురుగా కూర్చున్న కొడుకు.

దూరం సంగతి. నోటికీ మైకుకీ ఎడం రెట్టింపయితే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఈ రెండింటి నిష్పత్తినే చెవి దగ్గర, దూరం అని అర్థం చేసుకుంటుంది. అందుకే దూరంగా ఉన్న గొంతును వాల్యూం పెంచి దగ్గరకు తీసుకురాలేం. పెంచితే మోత కూడా దానితోపాటే పెరుగుతుంది. దీనికి తోడు ఇంకోటుంది. ఒకవైపు నుంచే వినే మైకుకు నోరు బాగా ఆనించి మాట్లాడితే కింది స్వరాలు, అంటే బేస్, ఉబ్బిపోతాయి. డాలస్ కుర్రాడు రేడియో అనౌన్సరు గంభీరంతో వినిపించడానికి కారణం అదే. ఫోన్‌లో ఉండే మైకులు అన్నివైపుల నుంచీ వింటాయి కాబట్టి వాటిలో ఈ ఉబ్బు రాదు. ఫోన్‌లో చెప్పిన బందరు అన్నయ్య పలచగా ఉంటాడు, డాలస్ తమ్ముడు బొద్దుగా ఉంటాడు. ఇక్కడ ఈక్యూ పనికొస్తుంది. తమ్ముడికి 200 హెర్ట్జ్ కింద కొంచెం తగ్గించి, అన్నయ్యకు అదే చోట చిటికెడు పెంచితే ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. అంతకుమించి ఈక్యూ జోలికి పోకూడదు. గొంతు రంగు మారుతోందనిపిస్తే అప్పటికే ఎక్కువ చేసినట్టు లెక్క.

బందరు ఫైలు వాట్సాప్ వాయిస్ నోట్‌గా వచ్చి ఉంటే ఇంకో తంటా. అది ఫైలును చిన్నది చేయడానికి పై స్వరాలను కోసేస్తుంది. స, శ, చ, ఫ అక్షరాల పదును పోతుంది. పోయినదాన్ని ఏ ఈక్యూ తిరిగి తేలేదు. రికార్డరులో తీసి డాక్యుమెంటుగా పంపమని ముందే చెప్పాలి.

ఇక హమ్. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటు వెళ్లి ఇటు తిరిగొస్తుంది. అమెరికాలో 60 సార్లు. సరిగా ఎర్తింగ్ లేని పరికరంతో తీస్తే గుడివాడ ఫైలులో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర మూలుగు ఉంటుంది, డాలస్ ఫైలులో 60, 120, 180 దగ్గర. తల్లీకొడుకులు ఒకే వసారాలో కూర్చున్నా వాళ్ల వెనక రెండు దేశాల కరెంటు మూలుగుతుంది. నేర పరిశోధకులు ఈ హమ్‌లోని చిన్న హెచ్చుతగ్గులను పట్టుకునే ఒక రికార్డింగు ఎప్పటిదో, మధ్యలో కోశారో లేదో తేలుస్తారు. మన పనికి అంత అక్కర్లేదు. ఆ సంఖ్యల దగ్గర సన్నటి కోతలు పెడితే చాలు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పనిముట్లతో తీరేవి. తీరనిది ఒకటుంది. డాలస్‌లో రాత్రి పదకొండు గంటలకు, పిల్లలు లేస్తారేమోనని గొంతు తగ్గించి చెప్పిన మాట, బందరులో వీధి రొదను దాటాలని గట్టిగా చెప్పిన మాట ఎప్పటికీ కలవవు. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే చూపించాడు. గొంతు పెంచినప్పుడు పెరిగేది శబ్దం ఒక్కటే కాదు. స్థాయి పైకి వెళుతుంది, అచ్చులు సాగుతాయి, కంఠంలో పట్టు మారుతుంది. రెండు ఫైళ్లకూ వాల్యూం సమానం చేసినా ఒకడు గుసగుసలాడుతూ, ఒకడు అరుస్తూనే ఉంటారు. అన్నదమ్ముల పోట్లాట కాస్తా ఇద్దరు అపరిచితుల మాటలైపోతుంది. దీనికి మందు రికార్డింగు సమయంలోనే వేయాలి. ముందు చెప్పినవాళ్ల మాటను రెండోవాళ్ల చెవిలో ఇయర్‌ఫోన్‌తో వినిపించి, దానికి జవాబుగా చెప్పించాలి. పున్నమ్మతోట స్టూడియోలో నటులు ఒకరి మొహం ఒకరు చూస్తూ చెప్పినప్పుడు జరిగిందీ ఇదే. ఒక గొంతు లేస్తే రెండోది దానంతటదే లేచేది.

తెలుగు ఎడిటర్లకు మరీ ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. మాటకూ మాటకూ మధ్య ఫ్యాను చప్పుడు, వీధి చప్పుడు వినిపించకుండా నాయిస్ గేట్ వేస్తారు. శబ్దం ఒక హద్దు కిందికి దిగగానే అది తలుపు మూసేస్తుంది. హల్లుతో ముగిసే మాటలు ఎక్కువగా ఉన్న భాషల్లో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. వాక్యం చివరికి వచ్చేసరికి ఆ అచ్చు మెత్తబడి, ఊపిరితో కలిసి జారిపోతుంది. గేట్ దాన్ని చప్పుడనుకుని కోసేస్తుంది. ‘వచ్చాడు’ అన్నది ‘వచ్చాడ్’ అవుతుంది, ‘పోనీలే’ అన్నది ‘పోనీల్’ దగ్గర ఆగుతుంది. కృష్ణా తీరపు మాటలో వాక్యం చివర ‘అండీ’, ‘గదా’, ‘లే’ అని సాగదీయడంలోనే మర్యాద, అలక, వెటకారం అన్నీ ఉంటాయి. వాటిని కోసేస్తే తల్లి కోపంగా అందో, బతిమాలుతూ అందో తెలియదు. గేట్ వాడక తప్పకపోతే తలుపు నెమ్మదిగా మూసుకునేలా పెట్టాలి. నన్నడిగితే అసలు వాడొద్దు. మాటల మధ్య ఖాళీలను చేత్తో సరిచేసుకోవడం నిదానమే, కానీ ఏ అచ్చూ పోదు.

ఒక్క మీట నొక్కితే ఏ రికార్డింగునైనా స్టూడియోలో తీసినట్టు మార్చే కృత్రిమ మేధ పనిముట్లు ఇప్పుడు చేతికొచ్చాయి. వాటిలో కొన్ని గొంతును శుభ్రం చేయడంతో ఆగవు, విన్నదాన్ని బట్టి కొత్తగా తయారుచేస్తాయి. స్పష్టంగా లేని చోట ఊహించి పూరిస్తాయి. ళకారం లకారంగా, ఒత్తు తేలికగా మారిపోయినా ఎడిటరు తొందరలో గమనించకపోవచ్చు. డెబ్బై ఏళ్ల మనిషి గొంతులోని వణుకును లోపమనుకుని సాపు చేస్తాయి. నాలుగు గొంతులనూ వాటిలో వేస్తే గదులు కలుస్తాయి, నిజమే. మనుషులు మాత్రం పోతారు. హమ్ తీయడానికి, కొద్దిగా రొద తగ్గించడానికి తప్ప వాటిని నేను నమ్మను. వాడినా మాట మాటకూ అసలు ఫైలుతో పోల్చి వినాల్సిందే.

ఇప్పుడు వసారా కట్టాలి. నాలుగు ఫైళ్లూ దాదాపు ఒక స్థాయికి వచ్చాయి. అన్నిటినీ ఒకే రివర్బ్‌లోకి, అంటే గది మోతను కలిపే పనిముట్టులోకి పంపాలి, ఒక్కొక్కరికి ఒక్కో రివర్బ్ వేయకూడదు. వసారాకు ఒక వైపు గోడ, మిగతా వైపులు వాకిలి. కాబట్టి మోత చాలా పొట్టిగా ఉండాలి. తల్లి మంచం మీద శ్రోతకు దగ్గరగా ఉంది, ఆమెను కొంచెమే పంపాలి. ఆమె ఫైలులో గుడివాడ గది ఎలాగూ కొంత మిగిలే ఉంటుంది. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంది, ఆమెను ఎక్కువ పంపాలి. పాత నటుడు నాలుగడుగులు వెనక్కి వేసి చేసిన పనిని మనం ఇక్కడ చేత్తో చేస్తున్నాం.

ఆ మోత కింద పరచాల్సింది చోటి చప్పుడు. సినిమావాళ్లు రూమ్ టోన్ అంటారు. నిజంగా ఏ అవనిగడ్డ దగ్గరి పల్లెలోనో వసారాలో ఫోన్ పెట్టి, ఎవరూ మాట్లాడకుండా అయిదు నిమిషాలు రికార్డు చేసి తెచ్చుకోవాలి. కాకులు, దూరంగా మోటారు ఇంజను, కాలవ గట్టు మీద వెళ్లే ట్రాక్టరు, వానముందు కప్పలు. ఇంటర్నెట్టులో దొరికే పరాయి దేశపు వాన వేయొద్దు. పెంకుల మీద పడే వాన, స్లాబు మీద పడే వాన, తాటాకు మీద పడే వాన వేరువేరని మన శ్రోతకు తెలుసు. ఈ చప్పుడును సన్నివేశం మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా ఒకే ట్రాకుగా నడపాలి. మాటలను ఎక్కడ కోసినా, ఎక్కడ అతికినా కింద ఇది పారుతూనే ఉంటే చెవి అతుకులు వెతకడం మానేస్తుంది. అన్ని పనిముట్లూ కలిసి చేయలేని మేలు ఈ ఒక్క ట్రాకు చేయడం నేను చాలాసార్లు చూశాను.

చివరగా లెవెళ్లు. మీటరు మంచిదే. చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ లెక్కలో యూరప్ ప్రసార సంస్థలు మైనస్ 23 అంటాయి, పాడ్‌కాస్టులకు మైనస్ 16 దగ్గర పెట్టడం వాడుక. కానీ పాత్రకూ పాత్రకూ మధ్య తూకం చెవితోనే తేలాలి. హెడ్‌ఫోన్లు తీసేసి, ఫోన్ స్పీకరులో, పక్క గదిలోంచి కూడా వినపడీ వినపడనంత వాల్యూంలో పెట్టి వినండి. ఏ పాత్ర మాట ముందుగా మాయమవుతుందో దాన్ని కొంచెం పెంచాలి. ఏది గుచ్చుకుంటుందో దాన్ని తగ్గించాలి.

ఇదంతా నాటకానికి. జరిగిన సంగతిని మనుషుల నోట వినిపించే పనికి ఈ నియమం చెల్లదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో ఆ రాత్రిని దాటి బతికినవాళ్లు పెద్దవాళ్లయిపోయారు. వాళ్ల మాటలను రికార్డు చేసేవాళ్లు ఇప్పుడు తొందరపడాలి. ఒకరు అరుగు మీద, ఒకరు తుపాను షెల్టరు మెట్ల మీద, మరొకరు హైదరాబాదులో మనవడి ఇంట్లో చెబుతారు. వాళ్లందరినీ ఒకే వసారాలో కూర్చోబెట్టడం అబద్ధమవుతుంది. అక్కడ లెవెళ్లు మాత్రమే సరిచేయాలి, హమ్ మాత్రమే తీయాలి. ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరకు వెళ్లేటప్పుడు కొత్త చోటి చప్పుడును రెండు మూడు సెకన్లు ముందుగా వినిపించి, ఆ తర్వాత మాటను తేవాలి. అప్పుడు గది మారడం దోషంగా వినపడదు, శ్రోత కూడా మనతోపాటు ఇంకో ఊరికి వచ్చినట్టే ఉంటుంది.

రెండు రకాల పనిలోనూ ముట్టుకోని అసలు ఫైళ్లను దాచిపెట్టండి. ఫైలు పేరులోనే ఊరు, తేదీ, ఏ మైకు, ఎంత దూరం అన్నది రాయండి. ప్రతి మనిషి మాట మొదలుపెట్టకముందు ఆ గదిని ఒక నిమిషం ఊరికే రికార్డు చేయమని చెప్పండి. మళ్లీ ఎప్పుడైనా ఆ నాటకంలో ఒక మాట మార్చాల్సి వస్తే మొదట వెతుక్కునేది ఆ నిమిషాన్నే.